తొమ్మిదో గది మీద ఒక సంతకం

ఆయన్ని అందరూ చెవి మేస్త్రి అనేవారు. ఇటుకలు పేర్చే మేస్త్రి కాదు, తలుపులు బిగించే మేస్త్రీ కాదు. నీళ్ల సరఫరా ఆఫీసులో ముప్పై నాలుగేళ్ల పాటు ఆయన చేసిన పని ఒక్కటే, వినడం. రోడ్డు కింద పైపు ఎక్కడ చిల్లుపడిందో తవ్వకముందే చెప్పాలి. దానికోసం ఆయన దగ్గర నాలుగడుగుల ఇనుప కడ్డీ ఉండేది. దాని ఒక కొసకి చెక్కతో తొలిచిన చిన్న గిన్నె. రెండో కొసని పైపు మీద ఆనించి, గిన్నెలో చెవి పెట్టి, కళ్లు మూసుకుని నిలబడేవాడు. చూసేవాళ్లకి మనిషి నిలువునా నిద్రపోతున్నాడేమో అనిపించేది. కాసేపటికి కళ్లు తెరిచి, "ఇక్కణ్ణుంచి పదకొండు అడుగులు, దీపస్తంభానికి ఇవతల" అనేవాడు. తవ్వితే అక్కడే దొరికేది. ఓ రెండడుగులు అటూ ఇటూ అయిందంటే మాత్రం ఆ పూట అన్నం సహించేది కాదు.

"వీధి కింద చెంబెడు నీళ్లు కారితే వినిపిస్తుంది గానీ, వంటింట్లోంచి నేను నాలుగుసార్లు పిలిస్తే వినిపించదు" అని ఆయన భార్య వచ్చిన వాళ్లందరికీ చెప్పేది. ఉద్యోగం ముగిసేసరికి కుడిచెవి నిజంగానే పోయింది. అప్పుడు ఆవిడ ఆ మాట అనడం మానేసింది. మంచి ఇల్లాలు.

రిటైరైన నెలకే పిల్లల మాసపత్రిక నడిపే ఎడిటరమ్మ కబురు పెట్టింది. ఒకప్పుడు వాళ్ల ఆఫీసు మెట్ల కింద నీరు ఊరుతుంటే ఈయన చూడటానికి వెళ్లాడు. వెళ్లినవాడు చిల్లు చూపించి ఊరుకోకుండా, నీళ్లు ఎందుకు అలా ప్రవర్తిస్తాయో గంటసేపు చెప్పి వచ్చాడు. ఆవిడకి అది గుర్తుండిపోయింది. "లోకంలో వింతలనీ, దెయ్యాలనీ చెప్పుకునే వాటి అసలు సంగతి మా పిల్లలకి రాసిపెట్టండి. మీరు మాట్లాడినట్టే రాయండి" అంది. అలా నెలకో పేజీ మొదలైంది. పిల్లలు ఆయనకి చెవి తాతయ్య అని పేరు పెట్టుకున్నారు.

ఆ పేజీకి ఆయన పెట్టుకున్న నియమం ఒకటుంది. ఇంట్లో ఏదో రకంగా చేసి చూడకుండా ఏదీ రాయకూడదు. ఎండిన సరస్సు అడుగున రాళ్లు తమంతట తామే జరిగి బురదలో చారలు వదిలిపోతాయన్న కథ రాసేముందు, వారం రోజులు ఫ్రిజ్‌లో పళ్లెం పెట్టి, పలచని మంచుపలకలో గులకరాయి ఇరికించి, ఫ్యాను గాలికి అది జరుగుతుందో లేదో చూశాడు. సముద్రం మీద గాల్లో తేలే ఓడ కథకైతే గాజు తొట్టెలో అడుగున పంచదార నీళ్లు, పైన మంచినీళ్లు పోసి, పక్కనుంచి లేజరు దీపం వేశాడు. వెలుగు గీత వంగింది. వెచ్చని గాలి, చల్లని గాలి పొరలుగా ఉన్నచోట వెలుగు అలాగే వంగుతుందని, ఎక్కడో దిగువనున్న ఓడ గాల్లో ఉన్నట్టు కనిపిస్తుందని రాశాడు. "ఆ ఓడ సంగతేమో గానీ, నా పంచదార డబ్బా మాత్రం మునిగింది" అంది భార్య.

ఇలా ఆరేళ్లు గడిచాయి. ఒకరోజు పొద్దున ఎడిటరమ్మ పంపిన ఉత్తరాల కట్టలో ఎనిమిదో తరగతి అమ్మాయి రాసిన ఉత్తరం వచ్చింది.

"చెవి తాతయ్యా! మా బడిలో తొమ్మిదో నంబరు గదికి ఎప్పుడూ తాళం వేసి ఉంటుంది. మధ్యాహ్నం బెల్లు కొట్టిన కాసేపటికి ఆ గోడలో ఎవరో వెక్కివెక్కి ఏడుస్తారు. నేను కూడా విన్నాను. ఎప్పుడో మెట్ల మీద జారిపడిన పిల్ల చచ్చిపోయి అలా ఏడుస్తోందంటారు. మెట్లు తుడిచి తడిగా వదిలేసిన ఆయాని పిలుస్తోందంటారు. ఆ ఆయా మా అమ్మమ్మ. క్లాసులో ఈ సంగతి ఎవరికీ తెలీదు. తెలిస్తే నా పక్కన ఎవరూ కూర్చోరు. పైపుల చప్పుడేమో అని మా సైన్సు టీచర్ని అడిగాను. కాదట. నీళ్ల ఆఫీసువాళ్లు వచ్చి చూసి కాదని రాసిచ్చారట. ఆ కాగితం నకలు పంపిస్తున్నాను. సైన్సే కాదన్నాక నేనింకెవర్ని అడగాలి? మీరే చెప్పాలి."

చెవి మేస్త్రి నకలు విప్పాడు. ఆఫీసు ముద్ర, ఇరవై ఆరేళ్ల కిందటి తేదీ. కింద నాలుగే నాలుగు వాక్యాలు. "ఆదివారం ఉదయం తొమ్మిదో గది గోడను పరీక్షించితిని. గోడలోని పైపు నందు ఎట్టి శబ్దమూ లేదు. లీకు లేదు. సదరు శబ్దమునకు పైపులు కారణము కాదు." కింద సంతకం. తోక పొడుగ్గా లాగి, చివర రెండు చుక్కలు పెట్టిన సంతకం. లోకంలో అలా రెండు చుక్కలు పెట్టే మనిషి ఒక్కడే.

భార్య కాఫీ గ్లాసు తెచ్చి, ఆయన ముఖం చూసి ఆగిపోయింది. "ఏమైంది? ఎవరికైనా బాగోలేదా?"

"నాకే" అన్నాడాయన.

ఆ ఆదివారం ఆయనకి బాగానే గుర్తుంది. బడి హెడ్మాస్టరమ్మ వచ్చి, పిల్లలు గోడ చప్పుడుకి బెదిరిపోతున్నారు, ఒకసారి చూసి వెళ్లమని బతిమాలింది. ఎప్పుడొచ్చినా సరేనంది. ఆదివారం వస్తానన్నది ఈయనే. ఎందుకంటే ఆయన పనిలో అదే పద్ధతి. ఎవరూ కుళాయి తిప్పని వేళ చూసుకుని వినాలి. నీళ్లు వాడేవాళ్లు లేనప్పుడు పైపులో కదలిక ఉందంటే అది చిల్లే. మామూలుగా ఊరు లేవకముందే చేసే పని ఇది, బడికైతే సెలవురోజు చాలు. వెళ్లాడు, కడ్డీ ఆనించాడు, అరగంట విన్నాడు. చీమ చిటుక్కుమంటే ఒట్టు. ఎంతో నిక్కచ్చిగా, మనస్సాక్షిగా ఆ నాలుగు వాక్యాలు రాసి వచ్చాడు.

మనస్సాక్షి సంగతి సరే. బుద్ధి ఏమైంది? పేజీ రాయడం మొదలుపెట్టాక పిల్లలకి ఆయన నేర్పిన మొదటి ప్రశ్న "అది ఎప్పుడు జరుగుతోంది?" అన్నది. మధ్యాహ్నం బెల్లు తర్వాత ఏడ్చే గోడని ఆదివారం పొద్దున వినడానికి వెళ్లిన మనిషిని ఏమనాలి? చిల్లుల్ని వెతికే అలవాటుతో చిల్లులు పలికే వేళకే వెళ్లాడు. వచ్చిన చప్పుడు చిల్లుది కాకపోవచ్చన్న ఊహే తట్టలేదు. లీకు లేదన్న వాక్యం దగ్గర ఆగినా పోయేది. పైపులు కారణం కాదని కూడా రాశాడు. ఆ ఒక్క వాక్యంతో దెయ్యానికి గవర్నమెంటు సర్టిఫికెట్ ఇచ్చి చేతులు దులుపుకున్నాడు.

మర్నాడే బడికి బయల్దేరాడు. ఎడిటరమ్మ ఫోను చేసి చెప్పడంతో బడివాళ్లు సంతోషంగా ఒప్పుకున్నారు. అది పని రోజు, మధ్యాహ్నం వేళ. ఉత్తరం రాసిన అమ్మాయి గేటు దగ్గరే ఎదురుచూస్తోంది. సన్నగా, పొడుగ్గా ఉంది. రెండు మోచేతుల మీదా సిరామరకలు.

"తాతయ్యా, మీరు నిజంగానే ఉన్నారా!" అంది.

"ఇప్పటిదాకా ఉన్నాను. మెట్లెన్ని ఉన్నాయో చెప్తే, ఇక ముందు ఉంటానో లేదో చెప్తాను."

నవ్వింది. ప్యూను తొమ్మిదో గది తాళం తీశాడు. విరిగిన బల్లలు, చుట్టచుట్టిన పటాలు, దుమ్ము. బెల్లు కొట్టారు. బయట కుళాయిల దగ్గర రెండు వందల మంది పిల్లలు చేతులు కడుక్కుని, నీళ్లు తాగి, ఒకళ్ల మీద ఒకళ్లు చల్లుకుని తరగతుల్లోకి వెళ్లారు. పదిహేను నిమిషాలు ఏమీ లేదు. ఇరవయ్యో నిమిషంలో అమ్మాయి ఆయన చెయ్యి పట్టుకుంది. చప్పుడు ఆయన ఎడమచెవికీ అందింది. ఊపిరి పీల్చి, ఆగి, మళ్లీ పీల్చినట్టు, చిన్నపిల్ల ఏడుపులాగే ఉంది. సంగతేమిటో సగం ఊహించి వచ్చిన ఆయనకే ఒళ్లు జలదరించింది. పిల్లలు బెదరడంలో తప్పేముంది?

ఆయన కడ్డీ గోడకి ఆనించి, రెండో కొసని పళ్లతో కరిచి పట్టుకున్నాడు. అమ్మాయి నోరు వెళ్లబెట్టింది.

"చెవి పోతే పోయింది, ఎముకలున్నాయిగా" అన్నాడు కడ్డీ తీసి. "చప్పుడు పళ్లలోంచి పుర్రెలోకి, అక్కణ్ణుంచి లోపలి చెవికి పోతుంది. నా చెవిలో పాడైంది ముందుగదే. లోపలిగది బాగానే ఉంది. నువ్వూ చూడు, తుడిచిస్తాను."

అమ్మాయి తుడిచిన కొసని కొరికి పట్టుకుని, కళ్లు గుండ్రంగా చేసింది. కడ్డీని గోడ మీద పైకి జరిపేకొద్దీ ఏడుపు గట్టిగా వినిపించింది. ఎక్కడో పైన ఉంది.

పైన, డాబా మీద, నీళ్ల ట్యాంకు ఉంది. ఆయన ప్యూను చెయ్యి పట్టుకుని మెల్లగా ఎక్కి, మూత తీయించాడు. ట్యాంకు నిండాక నీళ్లు ఆపడానికి లోపల ఒక తేలే బంతి, దానికో వాల్వు. నీటి మట్టంతో పాటు బంతి పైకి లేస్తుంది, వాల్వు మూసుకుంటుంది. మధ్యాహ్నం పిల్లలు వాడాక తగ్గిన ట్యాంకు మళ్లీ నిండడానికి ఇంకో వేలెడు ఉందనగా వాల్వు పూర్తిగా మూసుకోదు, పూర్తిగా తెరుచుకోదు. ఆ సన్నటి సందులోంచి నీళ్లు దూరేటప్పుడు అరిగిన రబ్బరు బిళ్ల వణుకుతుంది. ఆ వణుకుకి పైపు మూలుగుతుంది. అలలకి బంతి ఊగుతూ వాల్వుని కొద్దిగా తెరిచి, మూసి, తెరిచి, మూసి ఆడిస్తుంది. మూలుగు కాస్తా వెక్కిళ్లవుతుంది. ఆ పైపు తొమ్మిదో గది గోడలోంచే కిందికి దిగుతుంది.

అమ్మాయిని కింద గదిలో నిలబెట్టి, కిటికీలోంచి చెయ్యి ఊపమన్నాడు. ఏడుపు వినిపిస్తే ఊపాలి, ఆగితే దించాలి. ఆయన కర్రతో బంతిని పైకెత్తి పట్టుకున్నాడు. చెయ్యి దిగింది. వదిలేశాడు. చెయ్యి ఊగింది. ఐదుసార్లు ఎత్తాడు, ఐదుసార్లూ చెయ్యి దిగింది. ఆరోసారి ప్యూను ఎత్తాడు, తనకీ సరదా పుట్టి.

"ఈ రబ్బరు బిళ్ల నేనే మార్చానండీ, రెండుమూడు సార్లు" అన్నాడు ప్యూను తల గోక్కుంటూ. "మార్చిన ఏడాది గోడ ఏడవదు. ఆ పిల్ల అలిగిందనుకునేవాళ్లం."

అంతలోనే బడంతా గుప్పుమంది. తొమ్మిదో గది ముందు పిల్లలు మూగారు. సైన్సు టీచరు కూడా వచ్చి, విని, సిగ్గుపడి, ఆ సిగ్గుని కోపంగా మార్చుకున్నాడు. "ఆ కాగితం రాసినవాడు ఎవడో గానీ, ఇంట్లో కూర్చుని రాసుంటాడు. ఇలాంటి వాళ్ల వల్లే మూఢనమ్మకాలు" అన్నాడు.

అమ్మాయి చెవి తాతయ్య వైపు చూసింది. ఆయన నోరు తెరిచాడు. ముప్పై మంది పిల్లలు ఆయన్ని దేవుణ్ణి చూసినట్టు చూస్తున్నారు.  "అవునవును, ఎవరో" అన్నాడు.

ఆ "ఎవరో" అన్న మాట ఇంటికొచ్చే దారి పొడుగునా ఆయన మంచి చెవిలో మోగుతూనే ఉంది. పిల్లల చప్పట్లు ఒక్కటీ గుర్తులేవు.

మూడు రోజులు కూర్చుని పేజీ రాశాడు. బంతి, వాల్వు, రబ్బరు బిళ్ల, ఎముకల్లోంచి వినడం, అన్నీ వచ్చాయి. చివర్లో ఇలా రాశాడు: "పైపులు కారణం కాదని రాసిచ్చిన మనిషి ఇంట్లో కూర్చుని రాయలేదు. బడికి వెళ్లాడు, శ్రద్ధగా విన్నాడు, కానీ వెళ్లకూడని రోజున వెళ్లాడు. అది నేనే. ఆ కాగితం వల్ల ఒక ఆయా పిల్లలకి దూరమైంది. ఆమె చేసిన తప్పేమీ లేదు, ఆ ఏడుపుకీ ఆమెకీ ఏ సంబంధమూ లేదు." కింద చెవి తాతయ్య అని కాకుండా ఇంటిపేరుతో సహా తన పేరు రాసి, తోక లాగి, రెండు చుక్కలు పెట్టాడు.

ఎడిటరమ్మ చదివి కళ్లద్దాలు తీసింది. "గొప్పగా ఉందండీ. కానీ ఈ చివరి ముక్క తీసేద్దాం. పిల్లలు మిమ్మల్ని గుడ్డిగా నమ్ముతారు. ఇక్కడ తప్పన్నారంటే రేపు జరిగే రాళ్లనీ, తేలే ఓడనీ కూడా అనుమానిస్తారు."

"అనుమానించనివ్వండి. పంచదార ఖర్చవుతుంది, అంతేగా" అన్నాడు. తర్వాత నవ్వు ఆపి, "గుడ్డిగా నమ్మడం వల్లేనమ్మా ఆ గదికి ఇరవై ఆరేళ్లు తాళం పడింది. నమ్మింది దెయ్యాన్ని కాదు, నా సంతకాన్ని" అన్నాడు.

ఆవిడ కళ్లద్దాలు మళ్లీ పెట్టుకుంది. "సరే, వేస్తాను. కానీ ఇందులో ఉన్నది మీరొక్కరే కాదు. ముందు ఆ ఆయమ్మకి చదివి వినిపించి రండి. ఆవిడ వద్దంటే వెయ్యను" అంది. న్యాయమైన మాట. న్యాయమైనది కాబట్టే ఆయన కాదనలేకపోయాడు.

అమ్మాయే దారి చూపించింది. రెండో అంతస్తులో ఒకటే గది. ఆయా కిటికీ దగ్గర చాప వేసుకుని, బట్టల దుకాణం నుంచి తెచ్చిన చొక్కాలకి బొత్తాలు కుడుతోంది. ఈయన ఈడుదే. మనవరాలు ఈయనెవరో చెప్పగానే లేచి కుర్చీ జరిపింది. "రండి అన్నయ్యగారూ. మా పిల్ల వారం నుంచి మీ మాటే. గోడలో ఎవరూ లేరంటగా?"

"లేరమ్మా. అది చెప్పడానికే వచ్చాను. ఇంకోటి కూడా చెప్పాలి."

చదివాడు.  చివరి ముక్క చదివేటప్పుడు తలెత్తలేదు. మనవరాలు ఆయన వైపు తెల్లబోయి చూసింది. ఆ కాగితం రాసిన "ఎవరో" ఈయనేనని ఆ పిల్లకి అప్పుడే తెలిసింది.

ఆయా సూది గుచ్చిన చోటే వదిలేసింది. "మీరా రాసింది?"

"నేనే."

"నన్ను పనిలోంచి తీసెయ్యలేదు, తెలుసా మీకు? నేనే మానేశాను. చిన్నపిల్లలు నా చెయ్యి పట్టుకునేవారు కాదు. ఒకటో తరగతి పిల్లలకి బొత్తాలు పెట్టబోతే ఏడ్చి పారిపోయేవాళ్లు. పదమూడేళ్లు వాళ్లకి ముక్కులు తుడిచిన దాన్ని." గొంతు లేవలేదు. అరిచినా బాగుండేదనిపించింది ఆయనకి. "వెయ్యండి. మీ పేరుతోనే వెయ్యండి."

"వేస్తానమ్మా."

 తర్వాత ఆమె వేరే గొంతుతో అడిగింది. "ఒకటి చెప్పండి. ఆ గది తుడిచేది నేనే. అది ఏడ్చినప్పుడు గోడ మీద చెయ్యేసి, ఊరుకో తల్లీ, ఊరుకో అనేదాన్ని. కాసేపటికి ఊరుకునేది. రోజూ ఊరుకునేది. అది నా మాట విని కాదా?"

ఆయన జీవితంలో ఇంత కష్టమైన ప్రశ్న ఏ పిల్లా అడగలేదు. కావాలంటే విన్నదేమో అనొచ్చు. అంటే ఎవరికి నష్టం? మనవరాలు ఆయన పెదాల వంకే చూస్తోంది.

"కాదమ్మా" అన్నాడు. "నువ్వు ఊరుకోబెట్టేలోపు ట్యాంకు నిండిపోయేది."

ఆమె తలూపింది. కొంగుతో మొహం తుడుచుకుంది. "అయితే ఆ పిల్ల?"

"ఆ పిల్ల సంగతి నాకు తెలీదు. నేను చెప్పగలిగింది గోడ గురించే. గోడలో ఏడ్చింది నీళ్లు, ఆ పిల్ల కాదు."

"చెయ్యి విరిగిందన్నారు. ఆసుపత్రికి తీసుకెళ్లారు. ఆ నెలే వాళ్ల నాన్నకి వేరే ఊరు బదిలీ అయింది, మళ్లీ బడికి రాలేదు. పోయిందని పిల్లలే పుట్టించారు. నేనూ వినీ వినీ నమ్మేశాను. మెట్లు తడిగా వదిలింది నేనేగా." ఆమె గోడకి ఆనుకుని కూర్చుంది. చొక్కా ఒళ్లోంచి జారి చాప మీద పడింది, తీసుకోలేదు. పెదాలు కదుపుతూ వేళ్ల మీద ఏదో లెక్కపెడుతోంది.

"ఏంటి అమ్మమ్మా?" అంది మనవరాలు.

"అప్పుడు దానికి ఆరేళ్లు" అంది ఆయా. "ఇన్నేళ్లూ నాకు ఆరేళ్లదే. ఆ గోడలోనే ఉండి ఏడుస్తోందనుకున్నా." మళ్లీ మొదటి వేలి నుంచి లెక్కపెట్టుకుని, మనవరాలి వైపు ఆశ్చర్యంగా చూసింది. "ముప్పై రెండేళ్లుంటాయే ఇప్పుడు దానికి."